కార్బొరేటర్ బండి స్లోలో నిలవడం లేదా? స్క్రూ తిప్పే ముందు ఇవి చూడండి

దసరాకో, పైడితల్లమ్మ సిరిమానుకో, సంక్రాంతికో ఊరొచ్చినవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. "ఇంటి దగ్గర నాన్నగారి పాత స్ప్లెండర్ ఉంది. కిక్కు కొడితే స్టార్ట్ అవుతోంది, రేజ్ ఇస్తే పరుగెడుతోంది. చెయ్యి వదిలితే మాత్రం గుడగుడలాడి ఆగిపోతోంది. కార్బొరేటర్ (గాలి, పెట్రోలు కలిపి ఇంజన్‌కి పంపే భాగం) మార్చేయమంటున్నారు. మార్చాలా?"

చాలావరకు అక్కర్లేదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోనో, విజయనగరం గంట స్తంభం దగ్గరో ట్రాఫిక్ మధ్యలో బండి ఆగిపోతే వెనకవాళ్ల హారన్లకి టెన్షన్ వచ్చే మాట నిజమే. ఆ టెన్షన్‌లో మెకానిక్ దగ్గరికి వెళ్తే, రద్దీలో ఆయన చేసే పని స్లో స్క్రూ (రేజ్ ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగం పెట్టేది) రెండు చుట్లు బిగించడం. "స్లో ఎత్తేశాను బాబూ, ఇంక ఆగదు" అంటాడు. నిజంగానే ఆగదు. కానీ మొదటి గేరు వేసినప్పుడు 'ఠక్' మని కుదుపు వస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, రేజ్ వదిలినా బండి ముందుకే లాక్కుపోతుంది. అసలు జబ్బు అలాగే ఉండి, నెల తిరక్కుండా మళ్లీ బయటపడుతుంది.

అందుకే వరస ముఖ్యం. పెట్రోలు, కేబుళ్లు, గాలి, ప్లగ్గు, లీకులు, టాపెట్లు (ఇంజన్ వాల్వులని తెరిచే భాగాలు), ఆ తర్వాతే కార్బొరేటర్ విప్పడం. స్క్రూ అన్నిటికంటే చివర.

ఇక్కడ చెప్పేది స్ప్లెండర్, ప్యాషన్, సీడీ 100, డిస్కవర్, పాత పల్సర్ లాంటి ఫోర్ స్ట్రోక్ బళ్ల గురించి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 (పొగ కాలుష్యం మీద నిబంధనలు) వచ్చాక చాలా బళ్లకి కార్బొరేటర్ పోయి ఫ్యుయల్ ఇంజెక్షన్ వచ్చింది. వాటికి ఈ వైద్యం పనికిరాదు. టూ స్ట్రోక్ బళ్లకి, పాత మారుతి 800కి వేరే ఏం చూడాలో చివర్లో చెప్తాను.

కావలసినవి

- మైనస్, ప్లస్ స్క్రూ డ్రైవర్లు. జెట్టు (కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి బొక్క ఉన్న ఇత్తడి ముక్క) గాడిలో సరిగ్గా పట్టే చిన్న మైనస్ డ్రైవర్ ఒకటి తప్పనిసరి
- ప్లగ్ పానా, 8, 10, 12 నంబర్ స్పానర్లు
- ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకుల కట్ట)
- కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే ఒక డబ్బా
- మూతి వెడల్పున్న గాజు సీసా
- సబ్బు నీళ్లు, చిన్న స్ప్రే బాటిల్
- పాత టూత్ బ్రష్, నూలు పోగులు రాలని గుడ్డ, వెడల్పాటి పళ్లెం
- కొత్త ప్లగ్గు ఒకటి (మీ బండి మోడల్ చెప్పి కొనండి, పాతదాని నంబర్ చూసి కాదు. ఎవరో తప్పు ప్లగ్గు వేసి ఉండొచ్చు)

ముందు జాగ్రత్త

పని ఆరుబయట చేయండి. గోడల మధ్య ఇంజన్ నడిపితే సైలెన్సర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. పెట్రోలు తీసేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలి. దగ్గర్లో బీడీ, పొయ్యి, దేవుడి దీపం ఏదీ వెలగకూడదు. తీసిన పెట్రోలు కాలువలో పారబోయకండి.

బండి ఏం చెప్తోందో వినండి

పానా పట్టుకునే ముందు ఐదు నిమిషాలు బండి పక్కన నిలబడి గమనిస్తే సగం పని తగ్గుతుంది.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మాత్రమే తడబడి, రెండు నిమిషాల్లో సర్దుకుంటే అది జబ్బే కాదు. కార్బొరేటర్ బండి స్వభావమే అంత. చోక్ (చల్లటి ఇంజన్ లేవడానికి గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) వేస్తేనే నడుస్తూ, తీస్తే ఆగిపోతోందంటే స్లో జెట్టు మూసుకుపోయింది, లేదా ఎక్కడో దొంగ గాలి దూరుతోంది. నల్లటి పొగ, పెట్రోలు కంపు ఉంటే చోక్ పూర్తిగా తెరుచుకోవడం లేదు, లేదా ఫిల్టర్ మూసుకుపోయింది, లేదా కార్బొరేటర్ అడుగు గిన్నెలో (బౌల్) తేలే ఫ్లోట్ దగ్గర, పెట్రోలు ఆపే సూది సరిగ్గా మూసుకోక ఆ బౌల్ పొంగుతోంది. రేజ్ వదిలాక వేగం వెంటనే తగ్గకుండా పైనే వేలాడుతుంటే గాలి లీకు. బాగా వేడెక్కాకే ఆగిపోతుంటే ముందు టాపెట్లని అనుమానించండి. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా స్లో మారుతుంటే కేబుల్ తప్ప ఇంకోటి కాదు.

1. పెట్రోలు చూడండి

కార్బొరేటర్ అడుగున బౌల్‌కి డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాని పైపు కింద గాజు సీసా పెట్టి స్క్రూ వదులు చేయండి. పెట్రోలు ట్యాప్ తెరిచి అరగ్లాసు దాకా పట్టండి. సీసాని పది నిమిషాలు కదపకుండా ఉంచి, ఎండకేసి చూడండి. అడుగున గుండ్రటి బొట్లుగా గానీ, వేరే పొరగా గానీ ఏదైనా కనిపిస్తే అది నీళ్లు. ఎర్రటి పొడి కనిపిస్తే ట్యాంకు తుప్పు.

మన జిల్లాల్లో ఈ రెండూ మామూలే. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు సముద్రపు గాలి తగిలే బళ్లకి ట్యాంకు మూత చుట్టూ తుప్పు ముందు మొదలవుతుంది. తుపాన్ల కాలంలో తడిసిన బండికి మూత దగ్గర నుంచే నీళ్లు దిగుతాయి. పైగా 2023 నుంచి వస్తున్న ఈ20 పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. ఇథనాల్‌కి చెమ్మని పీల్చుకునే గుణం ఉంది. ఆ చెమ్మ ఒక హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగున చేరతాయి. పాత రబ్బరు పైపులూ, ఓ రింగులూ కూడా దీనికి ఉబ్బిపోతాయి, పగులుతాయి. ట్యాంకు నుంచి కార్బొరేటర్‌కి వచ్చే పైపు వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే ఆలోచించకుండా మార్చేయండి.

నీళ్లు వస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి. ట్యాప్ రిజర్వులో పెట్టి కూడా కొంత పట్టండి, అడుగున ఉన్నదంతా అక్కడినుంచే వస్తుంది. ఆరు నెలలు ఆగిన బండి అయితే సీసా పరీక్ష అక్కర్లేదు. పాత పెట్రోలు తీసేసి తాజాది రెండు లీటర్లు పోయండి. సగం మందికి పని ఇక్కడే అయిపోదు గానీ, ఇది చేయకుండా మిగతావి చేస్తే చేసిందంతా దండగ.

2. చోక్, రేజ్ కేబుల్

చోక్ తీశాక, కార్బొరేటర్ దగ్గర కూడా అది పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో కళ్లతో చూడండి. దుమ్ము పట్టి సగంలో ఆగడం చాలా చూస్తాం.

రేజ్ గ్రిప్ మెల్లగా తిప్పి చూడండి. కేబుల్ లాగడం మొదలయ్యే ముందు రెండు నుంచి ఆరు మిల్లీమీటర్ల ఖాళీ తిరుగుడు ఉండాలి. ఏమీ లేకపోతే కార్బొరేటర్ లోపల స్లైడు (గాలి దారిని తెరిచి మూసే ముక్క) పూర్తిగా కిందికి దిగదు, అప్పుడు మీరు ఏ స్క్రూ తిప్పినా ఫలితం ఉండదు. ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్ చివరిదాకా ఎడమకీ కుడికీ తిప్పండి. శబ్దం మారకూడదు.

3. ఎయిర్ ఫిల్టర్

నూర్పుల రోజుల్లో కళ్లం పక్కనుంచి, ఇటుక బట్టీల దారిలో తిరిగే బళ్లకి ఫిల్టర్ మనం అనుకున్నదానికంటే ముందే మూసుకుపోతుంది. స్పాంజి ఫిల్టర్ అయితే కిరోసిన్‌లోనో సబ్బు నీళ్లలోనో కడిగి, పిండకుండా నొక్కి, పూర్తిగా ఆరనిచ్చి, కొద్దిగా ఇంజన్ ఆయిల్ పట్టించి వేయండి. కాగితం ఫిల్టర్‌ని కడగకూడదు. దులిపినా నల్లగానే ఉంటే కొత్తది వేయాలి.

ఫిల్టర్ తీసేసి బండి నడిపి "ఇప్పుడు బాగుంది" అనుకునే అలవాటు కొందరికి ఉంది. ఆ దుమ్మంతా నేరుగా సిలిండర్‌లోకి పోయి పిస్టన్ రింగులు అరిగిపోతాయి. పరీక్షకి ఒక నిమిషం చాలు.

4. ప్లగ్గు, దాని టోపీ

ప్లగ్గు విప్పి మొన చూడండి. లేత గోధుమ రంగు ఉంటే మంచిది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లగా మాడినట్టుంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. తడిగా, నూనెగా ఉంటే ఇంజన్ ఆయిల్ పైకి వస్తోంది, అది కార్బొరేటర్ సమస్యే కాదు.

గ్యాప్ ఫీలర్ గేజ్‌తో కొలవండి. పాత వంద సీసీ బళ్లకి సాధారణంగా 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. గరుకు కాగితంతో రుద్ది పాత ప్లగ్గుని బతికించే బదులు కొత్తది వేయడం మేలు.

అందరూ వదిలేసేది ప్లగ్గు టోపీ. చీకటి పడ్డాక ఇంజన్ స్లోలో పెట్టి, టోపీ మీదా వైరు మీదా కాస్త నీళ్లు చల్లి చూడండి. టోపీ చుట్టూ నీలం రంగు మెరుపులు గెంతుతుంటే కరెంటు ప్లగ్గుకి చేరకముందే పారిపోతోంది. వానాకాలంలోనే మొరాయించే బళ్లలో ఇది ఎక్కువ. చేత్తో మాత్రం తాకొద్దు, గట్టి షాక్ కొడుతుంది. ఇంజన్ ఆపి టోపీని వైరు నుంచి స్క్రూ తిప్పినట్టు తిప్పి తీస్తే, లోపల రాగి పచ్చబడి ఉండటం కనిపిస్తుంది. అర సెంటీమీటరు వైరు కోసి, కొత్త రాగి తగిలేలా టోపీ మళ్లీ బిగించండి. టోపీ పగిలి ఉంటే మార్చండి.

5. దొంగ గాలి

కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు పైపు, గాస్కెట్ లేదా ఓ రింగు ఉంటాయి. అక్కడ వెంట్రుకంత పగులు ఉన్నా స్లో నిలవదు, ఎందుకంటే స్లోలో ఇంజన్ పీల్చే గాలే చాలా తక్కువ. అందులో కొంచెం అదనంగా కలిసినా లెక్క తప్పుతుంది.

ఇంజన్ స్లోలో నడుస్తుండగా ఆ జాయింట్ల చుట్టూ సబ్బు నీళ్లు కొద్దికొద్దిగా కొట్టండి. ఎక్కడ కొట్టినప్పుడు శబ్దం ఒక్కసారి మారుతుందో అక్కడే లీకు. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు. వేడి ఇంజన్ మీద అది నిప్పుతో ఆట, మీరు చేయకండి. బోల్టులు వదులుగా ఉంటే రెండు వైపులా సమానంగా బిగించండి. ఒక పక్కే బలంగా బిగిస్తే అంచు వంగి లీకు పెరుగుతుంది.

6. టాపెట్లు

వేడెక్కాక ఆగిపోతూ, చల్లారాక మళ్లీ మామూలుగా నడిచే బండికి టాపెట్లు బిగుసుకుని ఉండొచ్చు. వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ జారిపోతుంది. టకటక శబ్దం వస్తేనే టాపెట్ పని అనుకుంటారు గానీ, శబ్దం రాని బిగుతు టాపెట్టే ఎక్కువ నష్టం చేస్తుంది. చిన్న హోండా ఇంజన్లలో టాపెట్‌కీ వాల్వుకీ మధ్య గ్యాప్ సాధారణంగా 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాకే కొలవాలి. మీకు అలవాటు లేకపోతే బండిని రాత్రే షెడ్డులో వదిలేసి, పొద్దున స్టార్ట్ చేయకుండా చూడమనండి. పది కిలోమీటర్లు నడిపి తీసుకెళ్లి, వేడి మీద టాపెట్ చూపిస్తే ఆ కొలతకి అర్థం లేదు.

7. స్లో జెట్టు శుభ్రం చేయడం

ఇక్కడిదాకా తేలకపోతే ఇప్పుడు కార్బొరేటర్. ఆరు నెలలు ఆగిన బండి అయితే దాదాపుగా దోషం ఇక్కడే ఉంటుంది. బౌల్‌లో మిగిలిన పెట్రోలు ఆవిరైపోయి, జిగురు మిగిలి, అన్నిటికంటే సన్నటి బొక్కని మూసేస్తుంది. స్లోకి పెట్రోలు వచ్చేది ఆ బొక్కలోంచే. రేజ్ ఇచ్చినప్పుడు మెయిన్ జెట్టు అందుకుంటుంది కాబట్టి బండి పరుగెడుతుంది.

ట్యాప్ మూసి, బౌల్ ఖాళీ చేసి, కార్బొరేటర్ దించండి. కింద పళ్లెం పెట్టుకోండి, చిన్న స్ప్రింగులు మట్టిలో పడితే దొరకవు. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. మిశ్రమం స్క్రూ (గాలి, పెట్రోలు పాళ్లు మార్చేది) తీసేముందు, దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆగిందో లెక్కపెట్టి కాగితం మీద రాయండి. ఆగాక బలం పెట్టొద్దు. దాని మొన సూదిలా ఉంటుంది, గట్టిగా బిగిస్తే లోపలి కూర్చునే చోటు చెడి కార్బొరేటర్ శాశ్వతంగా పాడవుతుంది.

బౌల్ తీస్తే మధ్యలో పెద్ద మెయిన్ జెట్టు, పక్కనే కాస్త లోపలికి స్లో జెట్టు కనిపిస్తాయి. కెయ్‌హిన్ కంపెనీ స్లో జెట్టు మీద 35, 38 లాంటి అంకె ఉంటుంది. 35 అంటే బొక్క 0.35 మిల్లీమీటర్లు. విప్పి వెలుతురుకేసి పట్టుకోండి. గుండ్రటి చుక్క స్పష్టంగా కనిపించాలి. సగం చంద్రుడిలా కనిపించినా, మసకగా కనిపించినా మూసుకున్నట్టే.

క్లీనర్ కొట్టి, పావుగంట నానబెట్టి, పంచర్ షాపు గాలి కొట్టించండి. ఇంకా తెరుచుకోకపోతే కరెంటు వైరులోని సన్నటి రాగి పోగు ఒకటి దూర్చండి. గుండుసూది, స్టీలు తీగ వాడొద్దు. ఇత్తడి మెత్తన, బొక్క పెద్దదైతే ఆ జెట్టు చెడినట్టే. జెట్టు ఒక్కటే శుభ్రం చేసి ఊరుకోకండి. కార్బొరేటర్ గొంతులో, స్లైడు అంచు దగ్గర కనిపించే చిన్న చిన్న బొక్కల్లోకి కూడా క్లీనర్ కొట్టి అవతల నుంచి చిమ్ముతోందో లేదో చూడండి. కళ్లద్దాలు పెట్టుకోండి, ఇది కళ్లలోకే ఎగురుతుంది.

ఫ్లోట్ చెవి దగ్గర ఊపి చూడండి. లోపల నీళ్ల చప్పుడు వస్తే పగిలింది. సూది మొన మీద గీత పడి ఉంటే మార్చండి.

8. ఇప్పుడు స్క్రూ

కార్బొరేటర్‌కి రెండు స్క్రూలు. స్ప్రింగ్ ఉన్న పెద్దది స్లైడుని పైకెత్తి వేగం పెంచుతుంది, ఇది స్లో స్క్రూ. రెండోది గాలి, పెట్రోలు పాళ్లు మారుస్తుంది, ఇదే మిశ్రమం స్క్రూ. ఈ రెండోదానితోనే గందరగోళం. అది స్లైడుకి ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, బయటకు తిప్పితే గాలి పెరిగి పెట్రోలు పాలు తగ్గుతుంది. ఇంజన్ వైపు ఉంటే బయటకు తిప్పినకొద్దీ పెట్రోలు పెరుగుతుంది. మీ బండికి ఏ వైపు ఉందో చూసుకోకుండా యూట్యూబ్ వీడియోలో చెప్పినట్టు తిప్పితే తలకిందులవుతుంది.

బండి ఐదారు కిలోమీటర్లు నడిపి తీసుకురండి. చల్లటి ఇంజన్ మీద ట్యూనింగ్ చేయకూడదు. చోక్ పూర్తిగా తీసి ఉండాలి. మిశ్రమం స్క్రూ మెల్లగా మూసి, మీరు రాసుకున్నన్ని చుట్లు బయటకు తిప్పండి. లెక్క లేకపోతే ఒకటిన్నర చుట్ల దగ్గర మొదలుపెట్టండి. స్లో స్క్రూతో వేగం కాస్త ఎక్కువ పెట్టండి. ఇప్పుడు మిశ్రమం స్క్రూని పావు చుట్టు తిప్పడం, పది సెకన్లు ఆగి వినడం, మళ్లీ పావు చుట్టు. ఒకచోట వేగం అన్నిటికంటే ఎక్కువగా, శబ్దం నున్నగా ఉంటుంది. అది దాటితే మళ్లీ తడబడుతుంది. ఆ మంచి చోట ఆపి, స్లో స్క్రూతో వేగం తగ్గించండి. స్ప్లెండర్‌కి సుమారు 1400 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు). తగ్గించాక మిశ్రమం స్క్రూ మళ్లీ ఒకసారి అటూ ఇటూ సరిచూడండి.

ఈ20తో ఇథనాల్‌లోని ఆక్సిజన్ వల్ల పాత సెట్టింగులో పెట్రోలు పాలు కొంచెం తక్కువైనట్టు నడుస్తుంది. అందువల్ల స్క్రూ పాత లెక్క కంటే పావు చుట్టు అటో ఇటో కుదిరితే కంగారు పడకండి. మూడు చుట్లు దాటి తిప్పితేగానీ కుదరడం లేదంటే మాత్రం జెట్టు ఇంకా శుభ్రం కాలేదు.

9. కుదిరిందా లేదా

రేజ్ ఒక్కసారి ఇచ్చి వదలండి. వేగం పైనే వేలాడి నిదానంగా దిగితే పెట్రోలు తక్కువ, లేదా గాలి లీకు ఇంకా ఉంది. బాగా కిందికి పడిపోయి తడబడి లేస్తే పెట్రోలు ఎక్కువ. నేరుగా స్లోకి వచ్చి నిలబడితే చాలు.

సైలెన్సర్ మూతి వెనక చిన్న కాగితం ముక్క వేళ్లతో వదులుగా పట్టుకోండి. ఒకే లయలో బయటకు ఎగురుతుండాలి. మధ్యమధ్యలో లోపలికి పీలుస్తుంటే మంట మిస్ అవుతోంది, లేదా వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు. పాత బళ్లలో హెడ్‌లైట్ స్లోలో డిమ్ అవడం మామూలే, కానీ ఆ డిమ్ వెలుగు ఎగుడుదిగుడుగా గెంతకూడదు.

అసలు పరీక్ష మాత్రం మర్నాడు పొద్దున. చల్లటి ఇంజన్ చోక్‌తో లేచి, రెండు నిమిషాల తర్వాత చోక్ తీసినా నిలబడాలి.

ఎస్.కోట నుంచి అరకు ఘాట్ ఎక్కాక పైన బండి కాస్త బరువుగా, తడబడుతూ నడిస్తే అక్కడ స్క్రూ ముట్టుకోకండి. ఎత్తులో గాలి పల్చన, కాబట్టి పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. కిందికి దిగాక అదే సర్దుకుంటుంది.

టూ స్ట్రోక్, మారుతి 800

పాత టూ స్ట్రోక్ చేతక్, ఆర్‌ఎక్స్ 100 లాంటివాటికి టాపెట్లు ఉండవు. బదులుగా సైలెన్సర్‌లోనూ, సిలిండర్ నుంచి పొగ బయటకొచ్చే దారిలోనూ మసి పేరుకుంటుంది, అది గీకాలి. అన్నీ చేసినా వేగం దానంతటదే పెరిగిపోతుంటే క్రాంక్ ఆయిల్ సీలు పోయింది, అది షెడ్డు పని.

మారుతి 800కి మూడే సిలిండర్లు, ఒకటి మిస్ అయినా కారంతా ఊగుతుంది. ముందు మూడు ప్లగ్గులూ విప్పి వరసగా పెట్టి రంగు పోల్చండి. తేడాగా ఉన్న సిలిండర్‌దే సమస్య. మూడూ ఒకేలా ఉంటే కార్బొరేటర్ చుట్టూ ఉన్న సన్నటి వాక్యూమ్ గొట్టాలు ఒక్కొక్కటీ చూడండి. ఎండకి గట్టిపడి చివర్లు చీలిపోయి ఉంటాయి. చివర అర అంగుళం కోసి మళ్లీ తొడిగితే చాలాసార్లు సరిపోతుంది.

తిరిగి వెళ్లేముందు

హైదరాబాదో, చెన్నయో వెళ్లిపోయి బండిని మళ్లీ పండగదాకా వదిలేస్తున్నారా? ట్యాంకు నిండుగా పోయించండి, ఖాళీ ట్యాంకుకే తుప్పు తొందరగా పడుతుంది. ఆ తర్వాత పెట్రోలు ట్యాప్ మూసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి. బౌల్ అడుగున మిగిలింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి సీసాలోకి పట్టేయండి. ప్లాస్టిక్ పట్టా చుట్టేయకండి, లోపల చెమ్మ నిలుస్తుంది. పాత దుప్పటి కప్పితే చాలు.